సముద్రం పక్కన మంచినీళ్ళు

మా అనంతపురం సీమలో సముద్రమంటే చెరువు. హాస్యానికి అంటున్న మాట కాదు. పట్నానికి ఆనుకొని ఉన్న ఊరి పేరే బుక్కరాయసముద్రం. 14వ శతాబ్దంలో, మొదటి బుక్కరాయలు విజయనగరాన్ని ఏలుతున్న కాలంలో, పండమేరు ఏటికి అడ్డంగా కట్టవేసి ఆ చెరువును నిర్మించారు. కట్టకు ఒక కొసన వెలసిన ఊరు బుక్కరాయసముద్రమైతే, రెండవ కొసన వెలసినది అనంతసాగరమనీ, అదే కాలక్రమాన అనంతపురమైనదనీ స్థానిక చరిత్రలు చెబుతాయి. అంటే, దేశంలోకెల్లా తక్కువ వానలు పడే ప్రాంతాలలో ఒకటైన మా జిల్లాకు పేరులో మాత్రం అంతులేని సముద్రం ఉన్నదన్నమాట! అసలు సముద్రం ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల దూరం. చూడని సముద్రం పేరును చూసిన చెరువుకు పెట్టుకున్నారంటే, నిండిన నీటిని చూసినప్పుడు మా పూర్వుల మనసులో ఎంత గౌరవం కలిగి ఉండాలి!

అటువంటి ఊరివాళ్ళం మొన్న జనవరిలో నలుగురం బయలుదేరి ఒక ద్వీపానికి వెళ్ళాము: డెబ్బై నాలుగేళ్ళ మా అమ్మ, నేను, నా భార్య, బెంగుళూరులో ఉద్యోగంలో చేరి ఏడాది గడిచిన మా అమ్మాయి. సముద్రపు ఒడ్డున సెలవులు గడపడమన్నది మా వంశంలో ఎవరూ ఎరుగని సంగతి. ప్రయాణపు ఖర్చు అమ్మాయి పెట్టుకున్నది. బస ఎక్కడో తేల్చే పని నాకు అప్పగించింది. విమానం టిక్కెట్లు ఒక పూటలో అయిపోయాయి. హోటలు ఎంచుకోవడానికి మాత్రం నెలన్నర పట్టింది. ఈ వ్యాసం ఆ నెలన్నర గురించి.

ముందుగా ఏ ద్వీపమన్న ప్రశ్న. అమ్మాయి మొదట మాల్దీవులన్నది. అక్కడ చాలాచోట్ల ఒక ద్వీపానికి ఒకే హోటలు. మన గది నీటి మీదనే కట్టి ఉంటుంది, మంచం మీద నుంచి దిగితే సముద్రమే. బొమ్మలు చూస్తే నాకూ ముచ్చటేసింది. కానీ మాల్దీవులనగానే నాకు 2014 డిసెంబరు గుర్తుకొచ్చింది. రాజధాని మాలేలో సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగి, లక్షకు పైగా జనం ఒక్కసారిగా తాగునీటికి అల్లాడిపోయారు. మన దేశం నుంచి వాయుసేన విమానాలలోనూ, నౌకాదళపు ఓడలలోనూ మంచినీళ్ళు పంపించారు. వీధి చివర ట్యాంకరు వచ్చిందని వినగానే బిందె పట్టుకొని పరుగెత్తిన బాల్యం కలవాడిని కనుక, విమానంలో నీళ్ళు వచ్చాయన్న వార్త నా మనసులో అలాగే ఉండిపోయింది. చుట్టూ కనుచూపు మేరంతా నీళ్ళు, తాగడానికి చుక్క లేదు. మా ఊరికి సరిగ్గా తలకిందులైన చిత్రం. అయినా బాధ ఒక్కటే.

లక్షదీవులకు వెళ్ళాలంటే ముందుగా ప్రవేశానుమతి తీసుకోవాలి. అక్కడా నీటి కథ అదే. కవరత్తిలో సముద్రపు పైనీటికీ లోతునీటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను వాడుకొని మంచినీరు తీసే కేంద్రాన్ని 2005లో మన శాస్త్రజ్ఞులు నెలకొల్పారు. అది చదివి సంతోషించాను గానీ, అమ్మను తీసుకొని అంత దూరం వెళ్ళే ధైర్యం కలగలేదు. చివరికి అండమాన్‌కు నిశ్చయమైనది. బెంగుళూరు నుంచి నేరుగా విమానం ఉన్నది, పాస్‌పోర్టు అక్కరలేదు, తెలుగు మాట వినబడుతుంది. (2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడినవారు.)

మా అమ్మకు చెబితే ఆమె ముఖం చిన్నబోయింది.

"అండమానా? అది జైలు కదప్పా! తప్పు చేసినోళ్ళను యేసే చోటు. నేనేం తప్పు చేసినానని?"

ఆమె తప్పేమీ లేదు. 1906 నాటికి పూర్తయిన ఆ సెల్యులార్ జైలు పేరుతోనే మన పల్లెలకు ఆ దీవులు తెలుసు. ఇప్పుడది జాతీయ స్మారకమని, జనం టిక్కెట్టు కొనుక్కొని చూస్తారని చెప్పాను. "దుడ్లిచ్చి జైలుకు పోతారా!" అని ఆశ్చర్యపోయి, తరువాత అసలు ప్రశ్న వేసింది.

"సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నోళ్ళు తాగేదానికి నీళ్ళు యాడ్నుంచి తెచ్చుకుంటారు? అది కనుక్కో నాయినా ముందు."

నెలన్నర పాటు నేను చేసిన పరిశోధన అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

హోటళ్ళ బొమ్మలన్నీ ఒకే చేయి తీసినట్టుంటాయి. తెల్లని పరుపు మీద తువ్వాలుతో చేసిన హంస, కిటికీ అవతల కొబ్బరాకు, దాని అవతల నీలం. ఆ నీలంలో సముద్రమెంతో ఈతకొలను ఎంతో విడదీయలేము. హోటలు ఎంచుకోవడమంటే అందమైన బొమ్మను ఎంచుకోవడం కాదనీ, బొమ్మలో లేనివాటిని అడిగి తెలుసుకోవడమనీ నాకు క్రమంగా బోధపడింది.

బొమ్మలో లేని మొదటి సంగతి ఆటుపోట్లు. బొమ్మ తీసేది నిండు పోటు వేళ. అండమాన్ ఒడ్డున పోటుకూ పాటుకూ నడుమ నీటిమట్టం కొన్ని రోజులలో రెండు మీటర్ల దాకా మారుతుంది. ఒడ్డు వాలు తక్కువగా ఉన్నచోట పాటు సమయంలో సముద్రం వందల అడుగులు వెనక్కి పోయి, రాళ్ళూ పగడపు దిబ్బలూ బయటపడతాయి. హేవ్‌లాక్ (2018 డిసెంబరు నుంచి అధికారికంగా స్వరాజ్ ద్వీపం) తూర్పు ఒడ్డున, విజయనగర్ వైపు, ఎక్కువ హోటళ్ళు ఉన్నాయి. సూర్యోదయం గది నుంచే చూడవచ్చు గానీ, పాటు వేళ స్నానానికి దిగడం కష్టం. పడమటి ఒడ్డున ఉన్న రాధానగర్ తీరం అంతా మెత్తని ఇసుక. దానిని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన తీరమని ప్రకటించింది. అందుచేత అక్కడ గదుల ధరలకు రెక్కలుంటాయి. గదిలోంచి సముద్రం కనబడాలా, సముద్రంలో మనిషి దిగగలగాలా అన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న. రెండూ ఒకటి కావు.

రెండవది ఎత్తు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ దృశ్యాలు అమ్మ టీవీలో చూసింది, మరచిపోలేదు. ఆనాటి భూకంపానికి ఉత్తర అండమాన్ నేల కొంత పైకి లేస్తే, దక్షిణ అండమాన్ నేల కొంత కుంగింది. పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) దగ్గరి సిప్పీఘాట్‌లో పంట పొలాలలోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. నీళ్ళు రాక పొలాలు పోగొట్టుకున్నవాళ్ళం మేము. నీళ్ళు వచ్చి పొలాలు పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ సంగతి చదివిన తరువాత, నీటి అంచున కట్టిన గదుల కంటే, వెనకాల మెట్ట ఉండి, ఒడ్డుకు అయిదు నిమిషాల నడక దూరంలో ఉన్న బసలే నా కంటికి ఆనాయి.

మూడవది మోకాళ్ళు. వినడానికి చిన్న సంగతి, కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఇదే ప్రధానం. కొండవాలున కట్టిన హోటళ్ళలో గదికీ భోజనశాలకూ నడుమ అరవై డెబ్బై మెట్లుంటాయి. ఇసుకలో కట్టిన కుటీరాలకు చక్కని దారి ఉండదు. పడవ రేవు నుంచి ఎంత దూరం, ఆటో గుమ్మం దాకా వస్తుందా, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఏమైనా ఉన్నదా అని ఫోను చేసి అడిగాను. అడిగినచోటల్లా ఓపికగానే చెప్పారు.

నాలుగవది నీళ్ళు. ఇక్కడికి వచ్చేసరికి కథ చిక్కబడింది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు. అంటే మాకు అయిదున్నర ఏళ్ళలో పడే వాన అక్కడ ఒక్క ఏట పడుతుంది. ఆ దీవులు మా అక్షాంశానికి రెండు మూడు డిగ్రీలు మాత్రమే దక్షిణంగా ఉన్నాయి. మేము పడమటి కనుమల వెనకాల ఉండిపోయాము కనుక నైరుతి రుతుపవనం మా దాకా వచ్చేసరికి పొడిబారి ఉంటుంది. తూర్పు సముద్రానికి దూరమయ్యాము కనుక ఈశాన్యమూ అంతంతమాత్రమే. అండమాన్‌కు రెండూ నిండుగా అందుతాయి. ఇంత వాన పడే చోట నీటికి కరువేమిటని నేనూ అనుకున్నాను.

కరువున్నది. దీవులు సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. కొండ మీద పడిన వాన ఏరై పారి, చూస్తుండగానే సముద్రంలో కలిసిపోతుంది. పట్టి నిలపడానికి పెద్ద జలాశయాలకు తావు తక్కువ. పోర్ట్ బ్లెయిర్ పట్టణం ప్రధానంగా ధనిఖరి జలాశయం మీద ఆధారపడుతుంది. వానలు ఆగిన తరువాత, ఎండాకాలం ముదిరేకొద్దీ, కొళాయిలకు నీళ్ళు రోజు విడిచి రోజు వదిలిన సందర్భాలున్నాయి. చిక్కేమిటంటే, వానలు లేని ఆ నెలలే పర్యాటకులు వచ్చే నెలలు. బావిలో నీళ్ళు తగ్గే వేళకు ఇంటికి చుట్టాలు దిగుతారు.

చిన్న దీవులలో బావి కథ ఇంకా సున్నితమైనది. నేల లోపల వాననీరు సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలాగా. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. డచ్చి దేశపు గైబెన్, జర్మనీ దేశపు హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 19వ శతాబ్దపు చివర, 20వ శతాబ్దపు మొదట, వేర్వేరుగా దీని లెక్క తేల్చారు. నేలలో మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల మందాన మంచినీరు ఉంటుంది. కనుక బావి మట్టం ఒక అడుగు దిగేటట్టు తోడితే, కింది నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి రావడానికి ఉబలాటపడుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్ళీ తియ్యబడడానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో చెప్పలేము.

ఇది చదువుతూ ఉంటే మా నాయన గుర్తుకు వచ్చారు. కళ్యాణదుర్గం వైపు మా చేనులో ఆయన ఆరు బోర్లు వేయించారు. అయిదింటిలో దుమ్ము లేచింది. ఆరవదానిలో నీళ్ళు పడినరోజు ఊరంతా వచ్చి చూసింది. రెండేళ్ళకు అదీ ఎండింది. మా రాతినేలలో నీరు బండల నెర్రెలలో ఉంటుంది. పక్క చేనివాడు ఇంకా లోతుగా వేస్తే మన నెర్రె ఖాళీ అవుతుంది. ఒకరి బోరు మరొకరి బోరును తాగేస్తుందన్న సంగతి మా సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ద్వారా జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్ళు అందినప్పుడు, కొళాయి దగ్గర హారతులు పట్టిన ఆడవాళ్ళను నేను చూశాను. నీరు ఎవరిదో తెలియకుండా తాగకూడదన్నది మాకు సంస్కారంగా వచ్చిన మాట.

అందుచేత హోటళ్ళకు ఫోను చేసి నేను అడిగిన ప్రశ్న వాళ్ళకు వింతగా తోచి ఉంటుంది. ఒకచోట అడిగితే "ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు, చన్నీళ్ళు ఉంటాయి సార్" అన్నారు. ఎక్కడి నుంచి వస్తాయి అంటే "పైపు నుంచి సార్" అన్నారు. ఇంకొకచోట ట్యాంకరు తెప్పిస్తామన్నారు. ఆ ట్యాంకరు ఎవరి బావి నుంచి నింపుతారో ఫోను ఎత్తినవారికి తెలియదు. మరొకచోట సముద్రపు నీటిని శుద్ధి చేసే సొంత యంత్రం ఉన్నదన్నారు. అది మంచి మాటే. కానీ ఆ గది అద్దె ఒక రాత్రికి, మా ఊరిలో రెండు పడకగదుల ఇంటికి రెండు నెలల అద్దె.

ఇంతలో అమ్మాయి ఒక హోటలు చూసి పెట్టింది. రాధానగర్‌కు దగ్గర, పచ్చని చెట్లు, నడుమ ఈతకొలను. "నాన్నా, ఇది చాలు. ఇంకేమీ వెతకొద్దు" అన్నది. నేను కాగితం తీసుకొని లెక్క వేశాను. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, సగటున మీటరూ ఇరవై సెంటీమీటర్ల లోతు. అరవై వేల లీటర్లు. మా వీధికి వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. జల్ జీవన్ మిషన్ వారు పల్లెలలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ లెక్కన మా నలుగురికి రోజుకు 220 లీటర్లు. కొలను నీళ్ళు మా ఇంటికి దాదాపు తొమ్మిది నెలలు సరిపోతాయి.

కాగితం చూసి అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్న మాటలు ఇంచుమించు ఇవి:

"కొలనులో నీళ్ళు రోజూ మార్చరు నాన్నా, వడగట్టి మళ్ళీ వాడతారు. సరే, అది వదిలెయ్యండి. నేను పుట్టినప్పటి నుంచి రెండు బక్కెట్లలో స్నానం చేశాను. పళ్ళు తోముకునేటప్పుడు కొళాయి విప్పితే అవ్వ కేకలేసేది. బెంగుళూరులో నా గదిలో షవర్ ఉన్నది. ఏడాది అయింది, ఇప్పటికీ దాని కింద రెండు నిమిషాలు నిలబడితే తప్పు చేస్తున్నట్టుంటుంది. మనకు నీళ్ళంటే ప్రేమ అనుకుంటున్నారు మీరు. కాదు, భయం. ఎవరూ లెక్కపెట్టని నీళ్ళలో ఒక్కసారి నిండా మునగాలని ఉంది నాకు. అది కూడా పొరపాటేనా?"

ఈ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మేము పొదుపు అని గౌరవంగా పిలుచుకునే గుణం నిజంగా గుణమా, లేక మానిపోయిన గాయం తాలూకు మచ్చా? కరువు మనిషికి జాగ్రత్త నేర్పుతుంది, నిజమే. దానితోపాటు సంతోషం దగ్గర చేయి వెనక్కి తీసుకోవడం కూడా నేర్పుతుంది. మా అమ్మ కొత్త చీర పెట్టె అడుగున దాచి, పాతబడిన తరువాత కడుతుంది. నేను హోటలు పేరిట నెలన్నర తాత్సారం చేయడంలో ఆ దాపరికపు అంశ కూడా కొంత ఉన్నదని అమ్మాయికి అనిపించి ఉంటే, కాదనడానికి నా దగ్గర జవాబు లేదు.

అయితే ఆమె మాటలోనే దారి దొరికింది. ఎవరూ లెక్కపెట్టని నీళ్ళు కావాలన్నది. అటువంటి నీళ్ళు లోకంలో ఒకేచోట ఉన్నాయి, సముద్రంలో. ఈతకొలను నీళ్ళను ఎవరో ఒకరు లెక్కపెట్టే తీరాలి. మనం పెట్టకపోతే పక్క ఊరి ఆడవాళ్ళు పెడతారు. కనుక మాకు కావలసిన బసకు లక్షణం ఏర్పడింది: లెక్కలేని నీటికి దగ్గరగా ఉండాలి, లెక్కగల నీటిని లెక్కగా వాడాలి. ఈ రెండింటికీ తేడా తెలిసిన మనుషులు నడుపుతూ ఉండాలి. చెప్పగా అమ్మాయి నవ్వి, "అయితే సముద్రం మాత్రం దిగడానికి వీలైనది కావాలి, రాళ్ళది కాదు" అని షరతు పెట్టింది. న్యాయమైన షరతు.

అతిథులు రాసిన అభిప్రాయాలు చదవడంలో ఒక కిటుకు కనిపెట్టాను. డిసెంబరులో వెళ్ళినవారు రాసినవి వదిలి, మార్చి ఏప్రిల్ నెలలలో వెళ్ళినవారు రాసినవి చదవాలి. పొగడ్తలు వదిలి ఫిర్యాదులు చదవాలి. ఒక చిన్న బస గురించి ఎవరో కోపంగా, "షవర్ లేదు, బక్కెట్టూ చెంబూ ఇచ్చారు, మధ్యాహ్నం మోటారు వేయమంటే వేయలేదు" అని రాశారు. అది చదవగానే నాకు ఆత్మీయుల ఇంటి చిరునామా దొరికినట్లయింది.

ఆ బస నీల్ ద్వీపంలో ఉన్నది (ఇప్పుడు షహీద్ ద్వీపం). చిన్న ద్వీపం, చాలా భాగం చదును. దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కుటుంబాలకు ఇక్కడ పొలాలు ఇచ్చారు. ఊళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. రామాయణమంతా సైకిలు మీద ఒక పూటలో తిరిగి రావచ్చు! ఆ దీవులకు కావలసిన కూరగాయలు ఇక్కడ విరివిగా పండుతాయి. ఫోను ఎత్తిన ఇంటావిడ హిందీలో చెప్పింది: బావి ఉన్నది, తియ్యగా ఉంటాయి, జనవరిలో ఇబ్బంది లేదు, ఏప్రిల్‌లో అయితే నలుగురిని తీసుకోను, ఇద్దరినే తీసుకుంటాను. గదులు ఉండి కూడా నీటిని చూసి అతిథులను తగ్గించుకునే మనిషి! ఇంక వేరే హోటలు చూడలేదు.

చివరికి ఏర్పాటు ఇది: మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో, రెండు రాత్రులు నీల్‌లో, ఒక రాత్రి అమ్మాయి షరతు కోసం హేవ్‌లాక్‌లో, ఆఖరి రాత్రి తిరిగి పోర్ట్ బ్లెయిర్‌లో. (సముద్రం బాగాలేకపోతే పడవలు ఆపేస్తారు. విమానానికి ముందురోజే పట్టణానికి చేరుకోవడం క్షేమం.) హేవ్‌లాక్‌లో కూడా కొలను లేని బసే తీసుకున్నాము. ఆ రెండు గదుల అద్దె, అమ్మాయి చూసిపెట్టిన హోటలు ఒక గదిలో సగం.

నీల్‌లో మేము దిగిన ఇల్లు పోకచెట్ల నడుమ ఉన్నది. వెనకాల వంకాయ మడి, మడి పక్కన వర పోసిన బావి. అమ్మ సామాను గదిలో పెట్టకముందే బావి దగ్గరకు వెళ్ళి తొంగి చూసింది. "ఇంత పైనే ఉండాయే!" అన్నది. ఎనిమిది వందల అడుగుల బోర్లు చూసిన కళ్ళకు పది పన్నెండు అడుగులలో నీళ్ళు కనబడడం సముద్రం కంటే పెద్ద వింత. ఇంటావిడ చేద ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బావి దగ్గర వాళ్ళిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

మర్నాడు లక్ష్మణ్‌పూర్ వైపు వెళ్ళేసరికి పాటు వేళ. సముద్రం దూరంగా జరిగిపోయి, రాళ్ళ నడుమ గుంటలలో నీళ్ళు, వాటిలో చిన్న చేపలు. అమ్మ దిగులుగా, "ఇది కూడా ఎండిపోయిందా?" అన్నది. సాయంత్రానికి వస్తుందని చెప్పాను. నమ్మలేదు. మధ్యాహ్నం అన్నం తిని, తాను తెచ్చుకున్న చెనిక్కాయల పొడి ఇంటావిడకు రుచి చూపించి, మళ్ళీ ఒడ్డుకు తీసుకుపొమ్మన్నది. నీళ్ళు వచ్చి ఉన్నాయి. పిలవకుండా, మోటారు వేయకుండా, ఎవరికీ దండం పెట్టకుండా తిరిగి వచ్చిన నీళ్ళు. అక్కడ జనవరిలో అయిదున్నర కాకముందే పొద్దు గూకుతుంది. చీకటి పడేదాకా ఆమె అక్కడే కూర్చున్నది.

రాధానగర్‌లో అమ్మాయి మూడు గంటలు నీళ్ళలో ఉన్నది. (అక్కడికి సమీపాన 2010లో మొసలి దాడిలో ఒక పర్యాటకురాలు మరణించారు. రక్షకులు ఉండేచోటనే, వాళ్ళు చెప్పిన హద్దు లోపలే దిగాలి.) బయటకు వచ్చిన తరువాత, ఉప్పు కడుక్కోవడానికి బసలో ఇచ్చిన బక్కెట్టు నీళ్ళలో సగం మిగిల్చింది. ఎందుకని నేను అడగలేదు. భయం చేతనో, ప్రేమ చేతనో ఆమెకే తెలియాలి.

మా వైపు నుంచి ఎవరైనా మొదటిసారి ద్వీపానికి బయలుదేరేటట్లయితే హోటలువారిని అడగవలసినవి ఇవి. పాటు వేళ మీ ఒడ్డున సముద్రం ఎంత దూరం పోతుంది? వెనకాల మెట్ట ఉన్నదా? గుమ్మం దాకా బండి వస్తుందా, ఎన్ని మెట్లు? వేసవిలో మీ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? నాలుగవదానికి వెంటనే, తడుముకోకుండా జవాబు చెప్పినచోట బస చేయండి. అక్కడ షవర్ లేకపోతే ఫిర్యాదు రాయకండి.